చేసినోళ్ళు లేవాలె

మా బడిలో తప్పు చేసినవాడికి కుర్చీ వేసేవాళ్ళు. నవ్వకండి, ఉన్నమాటే చెబుతున్నాను.

స్వామిదాసు సారు మాకు సాంఘికశాస్త్రం చెప్పేవాడు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా మా వెంటే వచ్చాడు. మ్యాపు ఎవరు చింపారనో, సుద్దముక్కలు ఎవరు తీశారనో తెలియాల్సివస్తే ఆయన బెత్తం ముట్టేవాడు కాదు. చేతులు వెనక్కి కట్టుకుని కిటికీ వైపు తిరిగి, "చేసినోళ్ళు లేవాలె" అనేవాడు. లేచినవాడికి దెబ్బ లేదు, తిట్టు లేదు. పైగా ఆ గంట అయ్యేదాకా సారు చేతుల కుర్చీలో వాడే కూర్చోవాలి. మేమంతా కింద పట్టీల మీద కూర్చుని పాఠం వింటుంటే, తప్పు చేసిన మహానుభావుడు పైనుంచి మా నెత్తులు చూస్తూ ఉండేవాడు. సారు నిలబడి చెప్పేవాడు.

లేవకపోతే ఏం చేసేవాడని అడుగుతారేమో. ఏమీ చేసేవాడు కాదు. రెండోసారి అడిగేవాడు కూడా కాదు. అదే మాకు మింగుడుపడేది కాదు. మధ్యాహ్నం గంట కొట్టేలోపు ఎవడో ఒకడు కళ్ళనీళ్ళు పెట్టుకుని లేచేవాడు.

ఆరో తరగతిలో కుర్చీ ఆశకు చేయని తప్పులు కూడా ఒప్పుకున్నారు. మంచినీళ్ళ కుండ పగిలిన రోజున జహూర్ జ్వరంతో ఇంట్లో ఉన్నాడు. అయినా తానే పగలగొట్టానని లేచాడు. "జరంల నడిసొచ్చి పలగ్గొట్టినవారా?" అని సారు నవ్వి కూర్చోబెట్టాడు. పైతరగతులకు వచ్చేసరికి కుర్చీ మోజు పోయింది, లేవడం మాత్రం అలవాటైపోయింది. మా క్లాసులో పెన్ను పోయినా పోయినట్టు ఉండేది కాదు. తీసినవాడే తెచ్చి ఇచ్చేవాడు.

ఆ కుర్చీని అందరికంటే ఎక్కువసార్లు అరగదీసింది మా అన్న రాజలింగు. నాకంటే ఏడాది పెద్ద. పచ్చకామెర్లతో ఒక ఏడు పోగొట్టుకుని నా క్లాసులోనే వచ్చి పడ్డాడు. వాడికి నోరూ ఆగదు, చేయీ ఆగదు. చేసింది దాచుకోవడం అసలే చేతకాదు. ఇంట్లో కూడా అంతే. అమ్మను మేం అవ్వ అంటాం. ఉట్టి మీద పాలు ఎవరు తాగారని అవ్వ అడగబోయేలోపు "నేనేనే అవ్వా" అనేవాడు. అవ్వ రెండు వేసేది. "మా సారైతే కుర్చీ ఏస్తడే" అనేవాడు వీపు రుద్దుకుంటూ. "ఏస్తడు, ఏస్తడు. నీ సారుకు బర్రె లేదు, పాలు లేవు" అనేది అవ్వ.

అవ్వ పేరు భూమక్క. బీడీలు చుట్టేది. నాయనను బాపు అంటాం. ఆయన పేరు ఎంకయ్య, పటేలు దగ్గర పొలం పనికి జీతం ఉండేవాడు. మా ఊరు లింగంపేటకూ ఎల్లారెడ్డికీ నడుమ రోడ్డు మీద ఉంటుంది. మా వాడకట్టులో అప్పటిదాకా పది పాసైనవాడు లేడు. బాపు ఏ పండుగకు దండం పెట్టినా అడిగింది ఒక్కటే, రాజలింగు పది పాసై కామారెడ్డి కాలేజీలో చేరాలని. ఆడపిల్లను, నా సంగతి ఎవరూ దేవుడిదాకా తీసుకుపోలేదు. కాని బడికి తోలుతున్నారు, అది చాలనుకున్నాను.

మేం పదో తరగతికి వచ్చిన ఆ ఏడు, అంటే ఎనభై ఎనిమిదిలో, ఆషాఢం రాకముందే వానలు పట్టాయి.

బడి పక్క ఊళ్ళో. పోవడానికీ రావడానికీ బస్సే. మాకు పాసులుండేవి కనుక మేమంటే డ్రైవరుకు పడదు. సాయంత్రం మా గుంపును దూరం నుంచి చూసి, స్టేజీ దాటి, రోడ్డు కింద నీళ్ళు పోయే మోరి దగ్గర ఆపి, దిగేవాళ్ళను దించి పోయేవాడు. మేం సంచులు పట్టుకుని ఉరికేవాళ్ళం. అందినవాళ్ళు ఎక్కేవాళ్ళు, మిగిలినవాళ్ళు నడిచేవాళ్ళు.

ఆ రోజు వాన దంచుతోంది. బస్సు ఎప్పటిలాగే మోరి దగ్గర ఆగింది. అందరికంటే ముందు ఉరికిన ఎనిమిదో తరగతి పిల్ల సాలవ్వ ఫుట్‌బోర్డు కమ్మీ పట్టుకుంది. అదే సమయానికి బస్సు కదిలింది. పిల్ల బురదలో బోర్లా పడింది. వెనక చక్రం దాని జడ పక్క నుంచే పోయింది. సద్దిగిన్నె మాత్రం చక్రం కింద అప్పచ్చి అయింది. బస్సు ఆగలేదు.

రోడ్డు పక్కన కంకర కుప్ప ఉంది. మొదటి రాయి ఎవరు తీశారో నాకు తెలియదు, నేను సాలవ్వను లేపుతున్నాను. తలెత్తేసరికి మగపిల్లలందరి చేతుల్లోనూ రాళ్ళున్నాయి. అందరూ విసిరారు. మా అన్న రెండు విసిరాడు. వెనక అద్దం భళ్ళున రాలింది. మేం సంబరంగా కేకలు వేసుకుంటూ, తడుచుకుంటూ, ఇంటిదాకా నడిచివచ్చాం.

వెనక సీట్లో కూర్చున్న ఆయనకు గాజుపెంకు గుచ్చుకుని కన్ను పోయిందని మరునాడు తెలిసింది. మండలాఫీసులో పనిచేసే ఆయనట. ఆ మాట విన్నాక అన్న అన్నం తినలేదు. "నాదే తాకిందేమోనే" అన్నాడు నాతో. "అందరు ఇసిరిండ్రు గదరా" అన్నాను. "అందరిదైతే నాది గాదా?" అన్నాడు. వాడితో వాదించి గెలిచేవాళ్ళెవరు?

తరువాతి రోజు సాంఘికశాస్త్రం గంటలో ఎస్సై మా క్లాసుకు వచ్చాడు. వెనకాల హెడ్మాస్టరు, గుమ్మం దగ్గర ఇద్దరు పోలీసులు. ఎస్సై స్వామిదాసు సారు కుర్చీలో కూర్చుని టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మనిషి మెత్తగానే మాట్లాడాడు.

"ఎవరు ఇసిరిండ్రో జెప్పుండ్రి. నేనేం పులినా, తింటనా?"

హెడ్మాస్టరుకు తన బడి పరువు గుర్తొచ్చింది. "ఈ క్లాసు పిల్లలు అబద్ధమాడరు సార్" అన్నాడు. "స్వామిదాసు సారు అడిగితే వాళ్ళంతట వాళ్ళే లేస్తరు. అట్ల తయారు చేసిండు."

"గట్లనా? మరి అడుగుండ్రి సారూ" అన్నాడు ఎస్సై.

సారు మా వైపు చూశాడు. వరుసగా, ఒక్కొక్కరినీ. తరువాత చేతులు వెనక్కి కట్టుకుని కిటికీ వైపు తిరిగాడు. చాలాసేపు ఏమీ అనలేదు. ఇక అనడేమో అని నా ప్రాణం కుదుటపడుతున్నంతలో అన్నాడు.

"చేసినోళ్ళు లేవాలె."

అన్న లేచాడు. ఆలోచించి లేచినట్టు కూడా లేదు, హాజరు పిలిస్తే లేచినట్టు లేచాడు. లేచి, ఎస్సై వైపు కాకుండా వెనక్కి తిరిగి మా వైపు చూశాడు. మిగిలినవాళ్ళు లేస్తున్నారా అని. మొహంలో చిన్న నవ్వు కూడా ఉంది. పక్కనే ఉన్న జహూర్ మోకాళ్ళు పట్టీ మీద నుంచి పైకి లేచాయి. వెనకవాడు వాడి అంగీ పట్టి గుంజాడు. జహూర్ కూర్చున్నాడు. ఇంకెవరూ లేవలేదు. అన్న నవ్వు కొంచెం కొంచెంగా తగ్గింది.

"ఒక్కడివేనా?" అన్నాడు ఎస్సై.

"నేను ఇసిరిన సార్."

"నీతోని ఇంకెవరెవరు?"

"నేను ఇసిరింది నేను జెప్పిన. వాళ్ళది వాళ్ళు జెప్తరు."

వాళ్ళు చెప్పలేదు. పోలీసులు వాడిని రెక్క పట్టుకుని తీసుకుపోయారు. వాడి సంచి నా పక్కనే ఉండిపోయింది. కుర్చీ ఖాళీ అయింది కాని సారు కూర్చోలేదు, కిటికీ వైపు నుంచి తిరగనూ లేదు. గంట కొట్టేదాకా మేం ఆయన వీపును చూస్తూ కూర్చున్నాం.

ఆ సాయంత్రం సారు గొడుగు వేసుకుని మా ఇంటికి వచ్చాడు. అవ్వ పీట వేయలేదు. బాపు అరుగు మీద ఉన్నవాడు దిగి నిలబడ్డాడు, అంతే.

"అందరు లేస్తరనుకున్న ఎంకయ్యా" అన్నాడు సారు. "క్లాసుకు క్లాసు లేస్తే ఎంతమందిని తీస్కపోతడు? బెదిరించి ఇడిసిపెడుతడు. అందుకే అడిగిన. అందరు లేస్తరనుకున్న."

"సదువు జెప్పుమని తోలినం సారూ" అన్నాడు బాపు. "గీ నిలవడుడు మేము నేర్పుమనలే."

అవ్వ ముందుకు వచ్చింది. "ఠాణకు పొయ్యి జెప్పు సారూ, అందరు ఇసిరిండ్రని."

"జెప్పిన భూమక్కా. పేర్లు జెప్పుమంటుండ్రు."

"జెప్పు మరి!"

"నేను సూడలే. సూడంది సూసిన్నని ఎట్ల జెప్పాలె?"

అవ్వ నవ్వింది. అలాంటి నవ్వు నేను అంతకుముందు మా అవ్వ నోట వినలేదు. "నువ్వే గట్ల తయారైతే, వాడు గిట్ల తయారుగాక ఏమైతడు?" అంది. సారు గొడుగు మడిచి చేత పట్టుకుని వానలోనే పోయాడు. నాకు ఆయన మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కాని ఆయన పోతుంటే చూడలేకపోయాను.

కామారెడ్డిలో కోర్టు. బాపు ఎవరెవరి కాళ్ళో పట్టుకుని ఒక వకీలును కుదిర్చాడు. పెద్దాయన, ఓపికగా చెప్పాడు. ఎవడు విసిరాడో చూసిన సాక్షి లేడు, ఎవడి రాయి తగిలిందో ఎవరికీ తెలియదు, పోరడు లేదని ఒక్క మాట అంటే సాయంత్రానికి ఇంటికి తోలుకుపోవచ్చు. ఎస్సైకి భయపడి ఒప్పుకున్నానని చెప్పాలి. అంతే.

కోర్టు వరండాలో అన్నను కూర్చోబెట్టారు. మొహం వాచి ఉంది. అవ్వ వాడి గడ్డం పట్టుకుంది.

"లేదను కొడుకా. ఒక్కసారి లేదంటె ఏం పోతది?"

"ఇసిరిన గదనే అవ్వా."

"అందరు ఇసిరిండ్రు గద. వాళ్ళందరు ఇంట్ల బువ్వ తింటుండ్రు."

"ఎవ్వడు ఒప్పుకోకపోతె ఆయన కన్ను ఉత్తగనే పోయినట్టాయె?"

"వాని కన్నుకు నువ్వు జవాబుదారువా? నా కండ్లు పోతున్నయి, గదెవరికి జెప్పుకోవాలె?"

అన్న ఏడ్చాడు. అవ్వ చేతులు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. సరేనంటాడని అందరమూ అనుకున్నాం. లోపలికి పిలిచారు. అడిగారు. "ఇసిరిన సార్" అన్నాడు. వకీలు బయటికి వచ్చి, తన ఇరవై ఏళ్ళ వకాల్తాలో నిజం చెప్పి తన నోరు మూయించినవాడు ఇంకొకడు లేడని బాపును తిట్టి పోయాడు. అన్నను పిల్లల జైలుకు పంపారు.

శ్రావణం పోయింది, భాద్రపదం వచ్చింది. మా క్లాసులో ఆ వానాకాలమంతా ఎవరూ దేనికీ లేవలేదు. స్వామిదాసు సారు మాచారెడ్డి వైపు ట్రాన్స్‌ఫరు అడిగి తీసుకుని పోయాడు. కొత్త సారు బెత్తంతో వచ్చాడు. పెన్నులు పోతే పోయినట్టే అయ్యాయి. ఎవరైనా అడిగితే క్లాసంతా ఒక్క గొంతుతో తెలియదనేది. కొత్త సారుకు అది క్రమశిక్షణలా కనిపించింది. మూణ్ణెల్ల పరీక్షలు కాగానే అవ్వ నన్ను మానిపించింది. ఆ బస్సు ఎక్కనివ్వనంది, ఆ బడి గడప తొక్కనివ్వనంది. నేను రెండు పూటలు అన్నం మాని ఏడ్చాను. మూడో పూట ఒళ్ళో చాట పెట్టుకుని బీడీ ఆకు కత్తిరించడానికి కూర్చున్నాను.

పెత్రమాస అమావాస్యకు ముందు అన్న జైలు నుంచి వచ్చాడు. బాపు వెంట నడిచి వస్తుంటే ఎవరో పెద్దమనిషి అనుకున్నాను. చిక్కిపోయాడు, జుట్టు గీయించారు. అన్నం పెడితే గోడ వైపు తిరిగి, కంచానికి చేయి అడ్డం పెట్టుకుని, గబగబా తినేశాడు. రాజలింగూ అని పిలిస్తే పలకకముందే తల పక్కకు తప్పించుకునేవాడు. లోపల ఏం జరిగిందని అడిగితే, "ఏం గాలే" అనేవాడు. ఉన్న మాట దాచుకోలేని మా అన్న లోపల అంత దాచుకుని ఎలా ఉన్నాడో నాకు అర్థమయ్యేది కాదు.

బాపు వాడిని బడికి తీసుకుపోయాడు. వాడి సంచి ఇవ్వడానికని, అవ్వ వద్దన్నా, నేనూ వెంట పోయాను. హాజరు తక్కువైందన్నాడు హెడ్మాస్టరు. తక్కిన తల్లిదండ్రులు ఒప్పుకోవడం లేదన్నాడు. వచ్చే ఏడు ప్రైవేటుగా కట్టుకోమన్నాడు. "మీ బడే గద సారూ వీన్ని గిట్ల జేసింది" అన్నాడు బాపు. హెడ్మాస్టరు కాయితాలు సర్దుకున్నాడు. మేం తిరిగి గేటు దాటుతుంటే జహూర్ క్లాసులోంచి ఉరికివచ్చాడు.

"రాజలింగూ, నేను లేవబోయిన్రా. అల్లా కసమ్, లేవబోయిన."

అన్న వాడి భుజం మీద చేయి వేశాడు. "లేవకుంటె మంచిగ జేసినవ్" అన్నాడు. తిట్టి ఉంటే జహూర్ తట్టుకునేవాడు. ఆ మాటకు వాడు గేటు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

వారం తిరగకముందే బాపు అన్నను కూడా పటేలు దగ్గర జీతానికి మాట్లాడాడు. బతుకమ్మ పండుగ దాటాక పనికి పోవాలని మాట.

సద్దుల బతుకమ్మ ఇంకో రెండు రోజులుందనగా ఎండ కాసింది. ముసురుకు బీడీల తంబాకు నిమ్మెక్కి ఉంది. అవ్వ దాన్ని వాకిట్లో గోనెపట్టా మీద ఆరబోసి, కార్ఖానాకు బీడీ కట్టలు ఇచ్చిరావడానికి పోయింది. నేను బతుకమ్మకు గునుగుపూవు కోసుకురావడానికి చెలకల్లోకి పోయాను. అన్న ఇంట్లోనే ఉన్నాడు. మబ్బు ఎప్పుడు పట్టిందో పట్టింది, నేను ఉరికివచ్చేసరికి వాకిట్లో తంబాకు నల్లటి నీళ్ళయి పారుతోంది. అన్న గుమ్మంలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఆ నీళ్ళను చూస్తున్నాడు.

నా వెనకే అవ్వ వచ్చింది. తడిసిన కొంగు నెత్తి మీదనే ఉంది. తంబాకు చూసి నెత్తి కొట్టుకుంది. కార్ఖానావాళ్ళు ఇంక మాకు పని ఇస్తారో ఇవ్వరో.

"ఎవలి పనే ఇది? తియ్యాలెనని ఎవలికి సోయి లేదు?"

నేను అన్న వైపు చూశాను. నిజం చెప్పాలంటే, నాకు సంతోషమే అయింది. ఇంతకాలానికి ఆ మాట వింటానని. నేనేనే అవ్వా, అంటాడు. అవ్వ రెండు వేస్తుంది. మా రాజలింగు మాకు తిరిగి వచ్చేస్తాడు.

"చెల్లెకు జెప్పిన" అన్నాడు అన్న. "వానొస్తది, తియ్యుమని జెప్పిన. ఇనకుండ పువ్వుకు వొయింది."

నా కళ్ళలోకి చూసే చెప్పాడు. నేను నోరు తెరిచేలోపే అవ్వ నన్ను జుట్టు పట్టుకుని వంచి వీపు మీద వేసింది. రెండు కాదు, చేయి నొచ్చేదాకా వేసింది. అన్న లేచి లోపలికి పోయి కుండలో నీళ్ళు ముంచుకుని తాగాడు.

వాన వెలిశాక అవ్వ నన్ను పెరట్లోకి పిలిచింది. రాయి మీద కూర్చోబెట్టి, రవికె పైకి జరిపి, వీపుకు ఆముదం రాసింది. చేయి మెత్తగా ఉంది.

"నువ్వు గాదని నాకెరుకనే" అంది మెల్లగా. "నేను వానికే గద జెప్పి పోయింది, మొగులు సూసుకో కొడుకా, వానొస్తె తియ్యి అని."

నేను గిరుక్కున తిరిగాను. "మల్ల నన్నెందుకు కొట్టినవ్?"

అవ్వ నా భుజం పట్టి మళ్ళీ వెనక్కి తిప్పింది.

"గట్లంటె పనైతదని వానికి తెల్వాలె బిడ్డా. ఇయ్యాలనే మొదలుపెట్టిండు. ఇప్పుడు నేను కాదంటె మల్ల పాతదానికే వోతడు."

లోపల బాపు వచ్చిన అలికిడి అయింది. అవ్వ చేయి తుడుచుకుని పోయింది. ఆమె బాపుతో మాట్లాడటం గోడ అవతల నుంచి నాకు వినిపించింది. తంబాకు తడిసిందన్న బాధ ఆ గొంతులో లేదు. ఆషాఢం తరువాత మొదటిసారి అది మా అవ్వ మామూలు గొంతులా ఉంది. "ఇగ వానికేం గాదు" అంటోంది. "బతుకుతడు." బాపు నిట్టూర్చి, అన్నను దగ్గరికి పిలిచి, కలిసి తిందాం రమ్మన్నాడు. ముగ్గురూ కూర్చున్న చప్పుడు, కంచాల చప్పుడు వినిపించాయి. నన్ను కూడా పిలిచారు.

అన్నను పోలీసులు పట్టుకుపోయిన రోజు నేను ఏడవలేదు, వాడి సంచి పట్టుకుని గర్వంగానే ఇంటికి వచ్చాను. ఇప్పుడు ఆ రాయి మీద కూర్చుని గొంతు బయటికి రాకుండా ఏడ్చాను. అవ్వ మళ్ళీ పిలిచింది. మొహం కడుక్కుని లోపలికి పోయి, మా అన్న పక్కన కూర్చుని తిన్నాను.